కవర్లు పారేసిన ఆదివారం

నాన్న పోయిన ఏడాదికి, ఆయన గదిలో ఉన్న నాలుగు ట్రంకు పెట్టెల్లో మొదటిది తెరిచాను. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి భోజనాల వేళకల్లా మూడు దొంతరలు పేర్చేశాను. ఫొటోలన్నీ ఒకచోట, కోర్టు కాగితాలన్నీ ఒకచోట, ఉత్తరాలన్నీ ఒకచోట. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన దాన్ని, కాగితాలు సర్దడం నాకు చేతనైన విద్య అనుకున్నాను. ఫొటోలు పెట్టిన కవర్లు పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నాయి. లోపలివి తీసి కవర్లు చెత్తబుట్టలో వేశాను. తుప్పు పట్టిన గుండుసూదులు పీకేశాను. సోమవారం పొద్దున చెత్త బండి విశాఖలోని మా అల్లిపురం సందులోకి రాగానే రెండు సంచులు అందించి, గది సగం తేలికైందని సంబరపడ్డాను.

ఆ సంచుల్లో ఏం పోయిందో తెలియడానికి పది రోజులు పట్టింది.

నాన్న ప్లీడరు గుమాస్తా. ఆ ప్లీడరు గారు పౌరహక్కుల కేసులకు ఫీజు తీసుకునేవారు కారు. భూమి తగాదాల మీద, చెక్కు కేసుల మీద వచ్చిన డబ్బుతో ఈ కేసుల స్టాంపులు, టైపు ఖర్చులు గడిచేవి. ఒక్కో నెల మా ఇంటి జీతం కూడా అందులోనే కలిసిపోయేదని అమ్మ దెప్పుతూ ఉండేది. ఎమర్జెన్సీ తర్వాత, 1977లో ఎన్‌కౌంటర్ల మీద తార్కుండే కమిటీ, ఆపైన భార్గవ కమిషన్ నడిచిన రోజుల నుంచి ఆయన కాగితాలు దాచడం మొదలుపెట్టారు. అఫిడవిట్ల కార్బన్ కాపీలు, నిజనిర్ధారణ నివేదికలు, పోస్టుమార్టం రిపోర్టుల నకళ్లు, ఏజెన్సీ గ్రామాల నుంచి ఎవరో రాయించి పంపిన ఉత్తరాలు. 2003లో ప్లీడరు గారు పోయాక ఆయన పిల్లలు ఆఫీసు ఖాళీ చేస్తూ లా పుస్తకాలు జూనియర్లకు ఇచ్చి, మిగతాది తూకానికి వేయబోయారు. నాన్న రిక్షా మాట్లాడుకుని అన్నీ మా ఇంటికి తెచ్చేశారు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను మా కిటికీ రెక్కను ఊడబెరికి పట్టుకుపోయింది. అడుగున ఉన్న పెట్టె తడిసింది. రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు, ఫ్యాను తిరగదు. డెబ్బై దాటిన మనిషి, కాగితం కాగితం విడదీసి, అమ్మ పాత నూలు చీరలు నేల మీద పరిచి వాటిపై ఆరబెట్టారు. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుందని నీడలోనే ఉంచారు. బిందె నీళ్ల కోసం నేను ట్యాంకరు వెనక పరుగెడుతున్న రోజులవి. "ఈ చెత్తకు ఇంత సేవా నాన్నా?" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఆ కొస పట్టుకో, చిరుగుతుంది" అన్నారు.

పదో రోజున తమ్ముడు ఒక మాస్టారిని వెంటబెట్టుకు వచ్చాడు. లైబ్రరీ సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు గానీ కాగితాల దగ్గర కూర్చోలేదు. నేను కట్టిన దొంతరలు చూసి మొదట అడిగిన మాట: "ఇవి పెట్టెలో ఇలాగే ఉన్నాయా, మీరు పేర్చారా?"

నేనే పేర్చానని గొప్పగా చెప్పాను.

ఆయన ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టారు. కాలిపోయిన పూరిపాక, ముందు బోర్లా పడిన బిందె, వెనక కొండ వాలు. "ఇది ఏ ఊరు?" తెలియదు. "ఏ సంవత్సరం?" తెలియదు. "తీసింది ఎవరు?" తెలియదు. "అయితే ఇది దేనికి సాక్ష్యం?"

"పాక కాలిందని" అన్నాను.

"పొయ్యి రాజుకుని కూడా పాకలు కాలతాయి తల్లీ. ఈ ఫొటో పెట్టిన కవరు ఏది?"

ఆ కవరు మీద ఊరు పేరు ఉండవచ్చు, పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉండవచ్చు, దానికి గుచ్చిన గుండుసూది ఏ ఉత్తరాన్ని ఏ ఫొటోతో కలిపిందో చెప్పి ఉండవచ్చు. బ్యాంకులో ఎవరైనా వోచరు పారేసి ఎంట్రీ మాత్రం ఉంచితే నేను మెమో ఇచ్చేదాన్ని. అదే పని ఇంట్లో చేశాను.

ఆర్కైవుల పని చేసేవాళ్లు రెండు విషయాల్లో మొండిగా ఉంటారని మాస్టారు చెప్పారు. కాగితం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ జాడ చెరపకూడదు. దాచిన మనిషి ఏ వరుసలో దాచాడో ఆ వరుస చెదరగొట్టకూడదు. మనకు గజిబిజిగా కనిపించేది ఆయనకు లెక్క అయి ఉంటుంది. ఇంట్లో వంటింటి డబ్బాలు అత్తగారు ఒక వరుసలో పెట్టుకుంటే కోడలు వచ్చి ఎత్తు ప్రకారం సర్దినట్టు అయింది నా పని, పోపు వేళకు ఆవాలు దొరకవు.

మిగిలిన మూడు పెట్టెలను ముట్టుకోవద్దన్నారు. మొదటి పెట్టె సంగతి ఏం చేయాలో ఆయనకూ పాలుపోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే ఎక్కువ చేసి చెప్పినట్టు అవుతుంది, పట్టింది. కానీ తెల్లారి లేవగానే నాన్న బీరువా తెరిచి, పంచెలు ఒక్కొక్కటీ తీసి కింద పెట్టడం మొదలుపెట్టాను. గుమాస్తా అన్నవాడు చిట్టా రాయకుండా ఉండడు. అది నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి.

మూడో అరలో దొరికింది. పొడుగు సైజు నోటు పుస్తకం, ఎర్ర గుడ్డ వీపు. ఎడమ నుంచి కుడికి గీతలు కొట్టి అయిదు గడులు: నంబరు, తేదీ, ఇచ్చినవారు, వివరం, పెట్టె. చివర సన్నగా ఇంకో గడి: తిరిగి ఇచ్చినది. నల్ల సిరా, కోర్టు గుమాస్తాల గుండ్రటి అక్షరం. 1981 నుంచి మొదలై, తుపాను తర్వాత "నీట తడిసినవి" అని మూడు పేజీల జాబితాతో ముగిసింది.

మాస్టారు ఆ పుస్తకం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత టార్చిలైటు తెమ్మన్నారు. కాలిన పాక ఫొటోను వెనక్కి తిప్పి, టార్చిని పక్కవాటంగా, దాదాపు బల్లకు ఆనించి పట్టారు. తెల్లగా కనిపించిన వెనక భాగంలో పెన్సిలు నొక్కు తేలింది: 214. రిజిస్టరులో 214 దగ్గర ఊరి పేరు, తేదీ, తీసిన స్టూడియో, తెచ్చి ఇచ్చిన మనిషి, అదే రోజు వచ్చిన ఉత్తరం నంబరు 215 అని ఉన్నాయి. పాకకు మళ్లీ ఊరు వచ్చింది. నాన్న ప్రతి కాగితం వెనక, కుడి కింద మూల, పెన్సిలుతో అంకె వేశారు. పెన్నుతో వేస్తే సిరా ఇవతలికి దిగుతుందని పెన్సిలు వాడారట. అలా వెతికి, మొదటి పెట్టెలోని వాటిలో చాలా వరకు తిరిగి జత చేయగలిగాం. పదిహేడు ఫొటోలకు మాత్రం అంకె లేదు. వాటి వివరాలు కవర్ల మీదే ఉండి ఉంటాయి. వాటిని "మూలం తెలియనివి, 2023లో నా వల్ల కవర్లు పోయాయి" అని రాసి విడిగా పెట్టాం. ఆ రెండో ముక్క రాయడం నాకు ఇష్టం లేదు. మాస్టారు పట్టుబట్టారు. రేపు చూసేవాళ్లకు లోపం ఎక్కడ జరిగిందో తెలియాలన్నారు.

అక్కడి నుంచి పద్నాలుగు నెలల పని. అందులో ఎక్కువ భాగం విసుగు. వాన పడుతున్న రోజు పెట్టె తెరవకూడదు. మా ఊరి గాలిలో ఉప్పు, చెమ్మ రెండూ ఉంటాయి, గుండుసూది తుప్పు కాగితంలోకి గుండ్రటి మరకలా పాకుతుంది. సూదిని పీకకుండా, కింద సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లగా జరిపి తీయాలి. తీసే ముందు ఏది దేనికి గుచ్చి ఉందో ఫొటో తీయాలి. మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకు దుమ్ము తోలాలి, ముక్కుకు గుడ్డ తప్పదు. కలరా ఉండలు వేయబోతే వద్దన్నారు, ఆ వాసనలో రోజంతా కూర్చుంటే కాగితాల మాట ఎలా ఉన్నా మనుషులకు మంచిది కాదట. చిరిగిన చోట సెలోటేపు వద్దు, కొన్నేళ్లకు జిగురు కారి కాగితాన్ని తినేస్తుంది. మా ఎదురింటావిడ లామినేషన్ చేయించమని ఎంతో ప్రేమగా చెప్పారు. ఒకసారి చేయిస్తే ఇక ఊడదు, లోపల కాగితం ఉడికినట్టు అవుతుంది. ఆవిడకు ఇది చెప్పి ఒప్పించడం పెట్టెలు తుడవడం కంటే కష్టమైంది.

అన్నింటికంటే బాధ కలిగించినవి ఫ్యాక్సు కాగితాలు. 1990ల చివర హైదరాబాదు నుంచి వచ్చినవి, రిజిస్టరులో ఒక్కొక్కదానికి రెండు లైన్ల వివరం ఉంది, తీసి చూస్తే నున్నటి తెల్ల కాగితం. వేడికి అచ్చు పడే ఆ రకం కాగితం మీద అక్షరాలు తమంతట తామే మాయమవుతాయి. తెల్లగా ఉన్నాయని పారేయకుండా అవి కూడా స్కాన్ చేశాం.

స్కానింగ్‌కు మా మేనకోడలు పద్ధతి పెట్టింది. రాత కాగితాలు అంగుళానికి 300 చుక్కలు, ఫొటోలు 600. రెండు వైపులా తీయాలి, వెనక ఏమీ లేకపోయినా సరే. అసలు కాపీ టిఫ్ రూపంలో, ఎవరూ ముట్టుకోకుండా. చూడటానికి చిన్న పీడీఎఫ్ విడిగా. ఫైలు పేరులో నాన్న నంబరే ముందు ఉండాలి, మన తెలివితేటలు ఏమీ అక్కర్లేదు. మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల్లో, ఒకటి ఊరి బయట. హుద్‌హుద్ చూసిన ఇంటికి ఈ చివరిదాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. ఒక డిస్కు హైదరాబాదులో ఆ అమ్మాయి దగ్గరే ఉంది.

ప్రతి ఫైలుకు ఒక హ్యాష్ విలువ కూడా లెక్క కట్టింది. అరవై నాలుగు అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగు తోక అది. ఫైలులో ఒక్క చుక్క మారినా తోక పూర్తిగా మారిపోతుంది. ఆ తోకలన్నీ ముద్రించి సంతకం పెట్టి ఉంచాం. ఇది మా చాదస్తం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయమంటోంది.

నాన్న రిజిస్టరుకు చట్టంలో చోటు ఉందని మాత్రం నేను ఊహించలేదు. పత్రాలు చూడటానికి వచ్చిన ఒక యువ న్యాయవాది చెప్పాడు. ముప్ఫై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటి నుంచి, అంటే సహజంగా అది ఉండవలసిన మనిషి కస్టడీ నుంచి కోర్టుకు వస్తే, దాని మీది సంతకం, చేతిరాత అసలువేనని కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 90వ సెక్షన్, కొత్తదానిలో 92. "మీ నాన్నగారు రాసింది జాబితా కాదండీ, కస్టడీకి రుజువు" అన్నాడు. ఆ మాట నాన్నకు వినిపిస్తే, జాబితా కూడా తక్కువది కాదని ఆయన వాదించి ఉండేవారు.

రెండో పెట్టెలో దారంతో కట్టిన చిన్న కట్ట ఒకటి ఉంది. అరచేయంత గులాబీ, తెలుపు కాగితాలు. తంతి రసీదులు, అంటే టెలిగ్రాం ఇచ్చినట్టు పోస్టాఫీసు ఇచ్చేవి. ఎవరినైనా పోలీసులు పట్టుకెళ్లారని తెలియగానే ఇంటివాళ్లు ముందు పరుగెత్తింది పోస్టాఫీసుకు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, కలెక్టరుకు, తర్వాతి కాలంలో మానవ హక్కుల కమిషన్‌కు తంతి కొట్టేవారు. ఫలానా రోజు, ఫలానా వేళ మావాణ్ని తీసుకెళ్లారు, ప్రాణానికి ముప్పు ఉంది అని. రెండు రోజుల తర్వాత ఎదురుకాల్పులు జరిగాయని వార్త వస్తే, అంతకు ముందే మనిషి కస్టడీలో ఉన్నాడని చెప్పడానికి ఆ కుటుంబం దగ్గర ఉన్నది ఆ రసీదే. దాని మీద తేదీ, వేళ వేసింది కుటుంబం కాదు, ప్రభుత్వ పోస్టాఫీసు. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో తప్పనిసరి చేసింది, బంధువులకు తెలపాలంది. అంతకు ముందు, చాలాచోట్ల ఆ తర్వాత కూడా, పేదవాడికి మెమో అంటే తంతి రసీదే. 2013 జూలైలో తంతి సర్వీసు ఆగిపోయినప్పుడు పేపర్లన్నీ పెళ్లి శుభాకాంక్షల గురించి, చావు కబుర్ల గురించి రాశాయి.

ఆ కట్టలో ఒక రసీదు మీద కార్యాలయ ముద్ర 16.40 అని ఉంది. నాన్న దానికి సగం పేజీ వివరం రాశారు. వచ్చినది తల్లి, ఇంగ్లీషు రాదు, ఫారం పోస్టుమాస్టరే నింపాడు, పదాలు తగ్గిస్తే డబ్బు తగ్గుతుందని అతను అంటే ఆమె ఒక్క పదం కూడా తగ్గించవద్దంది. మొత్తం పెట్టెలో నాన్న ఇంత సొంత మాట రాసిన చోటు ఇంకొకటి లేదు.

మాస్టారు మధ్య మధ్య బయటి దేశాల కబుర్లు చెప్పేవారు. 2005లో గ్వాటెమాలా రాజధానిలో ఒక పాత పోలీసు భవనంలో గబ్బిలాల మధ్య కట్టలు కట్టలుగా పోలీసుల కాగితాలు బయటపడ్డాయి. దాదాపు 8 కోట్ల పేజీలు. 1984లో కనిపించకుండా పోయిన ఫెర్నాండో గార్సియా అనే విద్యార్థి, కార్మిక నాయకుడి కేసులో 2010లో ఇద్దరు పోలీసులకు శిక్ష పడింది. అక్కడ పనికొచ్చిన కాగితాల్లో ఒకటి, ఆ రోజు ఆపరేషన్ బాగా చేశారని పోలీసులకు పతకాలు సిఫారసు చేస్తూ వాళ్ల శాఖే రాసుకున్నది. మన దగ్గర ఎమర్జెన్సీ అకృత్యాలను విచారించిన షా కమిషన్ నివేదిక సంగతి ఉంది. 1980 తర్వాత ప్రతులు కంటికి కనిపించకుండా పోతే, మాజీ ఎంపీ ఇరా సెళియన్ తన ఇంట్లో మిగిలిన ప్రతిని పట్టుకుని 2010లో మళ్లీ అచ్చు వేయించారు. "ఇంటి అల్మారా కూడా ఆర్కైవే" అంటూ మాస్టారు మా ట్రంకు పెట్టె మీద తట్టేవారు, దుమ్ము లేచేది.

మూడో పెట్టెలో క్యాసెట్లు. ఇక్కడ పని ఆగిపోయింది. నాలుగు క్యాసెట్లలో ఏజెన్సీ ఆడవాళ్లు తమపై జరిగినవి చెప్పినవి ఉన్నాయి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టకూడదని చట్టమే చెబుతుంది, అవి ఎవరికీ వినిపించే ప్రశ్నే లేదు. కానీ దాచి ఉంచవచ్చా అన్నది నాకు అర్థం కాలేదు. వాకపల్లి కేసు విశాఖలో అందరికీ గుర్తుంటుంది. 2007 ఆగస్టు 20న తమపై నక్సలైట్ల వేటకు పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసులు అఘాయిత్యం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తి చూపి, ఆ మహిళలకు పరిహారం ఇప్పించమంది. పదహారేళ్ల తర్వాత తీర్పు వచ్చేసరికి మొదటి రోజుల్లో సేకరించని సాక్ష్యాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? ఆ తీర్పు చదివాక క్యాసెట్లు చెరిపేద్దామన్న ఆలోచన వదిలేశాను. దాచాలి, తాళం వేసి దాచాలి, ఎవరి గొంతో వాళ్లను అడగాలి.

మిగతా క్యాసెట్లలో ఊరి మనుషులు భూమి గురించి, కొట్టడం గురించి, జైలు గురించి మాట్లాడినవి ఉన్నాయి. వాటిలో ఇద్దరి ఆచూకీ దొరికింది. కిరండూల్ రైలెక్కి అరకు వైపు వెళ్లాం. ఒకావిడ తన మాట ఎవరికీ వినిపించవద్దంది. మనవడికి ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు ఎందుకమ్మా అంది. ఆమె ఎదుటే ఫైలుకు "మూసి ఉంచాలి" అని రాసి చదివి వినిపించాను. రెండో ఆవిడ వినాలని అడిగింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తన గొంతును పట్టించుకోనే లేదు. మధ్యలో ఎవరో దగ్గుతూ "తేదీ చెప్పు, తేదీ చెప్పు" అంటారు. అక్కడికి రాగానే చేయి ఎత్తి ఆపమంది. అది ఆమె భర్త గొంతు. ఆ దగ్గు దాకా వెనక్కి తిప్పించుకుని అయిదుసార్లు వింది. "పేరు ఉంచండి. ఆయన దగ్గు కూడా తీసేయకండి" అంది. మేనకోడలు అప్పటికే శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌తో ఒక కాపీ తయారు చేసింది. ఆ రాత్రే చెరిపేసింది.

పత్రాలను ఎక్కడ అప్పగించాలన్న కథ పొడుగైనది, నీరసమైనది. ఒక గ్రంథాలయం స్థలం లేదంది, ఇంకో సంస్థ అన్నీ తీసుకుంటాం గానీ రిజిస్టరు అక్కర్లేదంది. రిజిస్టరు అక్కర్లేని వాళ్లకు కాగితాలు ఇవ్వలేదు. ఇప్పటికి అసలువి మా ఇంట్లోనే, ఆమ్లం లేని అట్టపెట్టెల్లో, నేల నుంచి రెండడుగుల ఎత్తున ఉన్నాయి.

నాలుగో పెట్టె చివరికి మిగిలింది. అందులో నాన్న "చిల్లర" అని రాసిపెట్టిన అట్టపెట్టె ఉంది. పోడు కేసులు. రిజర్వు అడవిలో చెట్లు నరికి దున్నారని గిరిజన రైతుల మీద అటవీ శాఖ పెట్టిన కేసుల తీర్పుల నకళ్లు, రేంజి ఆఫీసులో కట్టిన రాజీ రుసుము రసీదులు. యాభై, వంద, నూట యాభై రూపాయలు. ఎన్‌కౌంటర్ కాగితాల పక్కన ఇవి నాకు నిజంగానే చిల్లరగా కనిపించాయి. కవర్ల పాఠం నేర్చుకోకపోయి ఉంటే ఇవి కూడా చెత్త బండిలోకి వెళ్లేవి.

అనంతగిరి మండలం నుంచి ఒక యువకుడు ఆ యువ న్యాయవాది ద్వారా వచ్చాడు. తాత పేరు మీద అటవీ హక్కుల చట్టం కింద పెట్టిన దరఖాస్తు తిరిగి వచ్చిందట. 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి సాగులో ఉందని రుజువు కావాలి. చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలం, గట్లు, బావులు, సమాధులు కూడా సాక్ష్యంగా పనికొస్తాయని ఉంది, కోర్టు రికార్డులు కూడా. తాత మీద అప్పట్లో కేసు నడిచిందని అబ్బాయికి గుర్తు. సమాచార హక్కు కింద ఫీజు కట్టి కోర్టు రికార్డు అడిగాడు. నిల్వ గడువు తీరినందున ధ్వంసం చేశామని జవాబు వచ్చింది. అందులో అక్రమం ఏమీ లేదు, 1917 నాటి చట్టమే ఒకటి ఉంది పాత రికార్డుల ధ్వంసానికి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలయ్యాక ఏ ఫైలు విశాఖలో ఉందో, ఏది పాడేరు వెళ్లిందో ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడగమంటోంది.

రిజిస్టరులో ఊరి పేరు పట్టుకుని వెతికాం. 1,138వ నంబరు. 1996 నాటి తీర్పు నకలు, కోర్టు ముద్రతో సహా. "ముద్దాయి రిజర్వు అడవిలో సుమారు రెండెకరాల మేర పొదలు నరికి చోళ్లు, సామలు సాగు చేస్తున్నట్లు" అని రాసి, ఉత్తరాన గెడ్డ, తూర్పున చింతచెట్టు అంటూ హద్దులు కూడా చెప్పారు. నేరం రుజువు కావడానికి హద్దులు కావాలి కదా. అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివి, "తాతకు శిక్ష వేసిన కాగితమా ఇది?" అన్నాడు. అవునన్నాను. తాత అక్కడ దున్నుతున్నాడని ఇంతకంటే గట్టిగా ఇప్పుడు ఎవరు చెబుతారు? గ్వాటెమాలా పతకాల సిఫారసు గుర్తొచ్చి మాస్టారి వైపు చూశాను. ఆయన అప్పటికే నకలు అంచులు కొలుస్తున్నారు, స్కానరు గాజు మీద పడుతుందా లేదా అని.

తీర్పుతో పాటు ఆ ముందు ఏడాది రసీదు కూడా దొరికింది. యాభై రూపాయలు. ధ్రువపత్రాలన్నీ సిద్ధం చేసి, గ్రామసభకు ఇచ్చే కట్ట తీసుకెళ్లడానికి ఈసారి తాతను కూడా వెంటబెట్టుకు వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. కుర్చీ వేస్తే కూర్చోకుండా గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. మనవడు తీర్పు చదివి వినిపించాడు. చింతచెట్టు దగ్గర తల ఊపాడు. రసీదు చదివేసరికి తల అడ్డంగా తిప్పాడు.

"యాభై కాదు. డెబ్బై అయిదు తీసుకున్నారు. కాగితం యాభైకి రాసిచ్చారు."

నేను పెన్సిలు తీసుకుని రసీదు పక్కన చిన్నగా రాయబోయాను. మాస్టారు నా చేయి పట్టుకున్నారు. రసీదు మీద ఒక్క గీత పడకూడదు. వేరే కాగితం తీసి, ఈ రోజు తేదీ వేసి, తాత చెప్పినది చెప్పినట్టు రాసి, విన్నవాళ్లం ముగ్గురం సంతకాలు పెట్టి, ఆయన చేత వేలిముద్ర వేయించాం. నాన్న రిజిస్టరులో చివరి నంబరు తర్వాత అంకె దానికి ఇచ్చాను. "ఇచ్చినవారు" గడిలో తాత పేరు. నా అక్షరం నాన్న అక్షరం పక్కన బొత్తిగా బాగోలేదు.

తాత వేలికి అంటిన సిరా గోడకు రాయబోయి ఆగి, పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత మనవడితో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. అబ్బాయి నవ్వాపుకోలేక నా వైపు తిరిగాడు.

"ఇంత గట్టిగా రాసుకున్నారు కదా, మిగతా పాతిక రూపాయలు ఎప్పుడు ఇస్తారని అడుగుతున్నాడమ్మా."